డూప్లికేట్ అని మూసే ముందు

ప్రోగ్రామింగ్ ప్రశ్నలు-జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో 3,000 రెప్యుటేషన్ పాయింట్లు ఉంటే ప్రశ్న మూయడానికి, అంటే కొత్త జవాబులు రాకుండా ఆపడానికి, ఓటు వేయొచ్చు. ప్రశ్నకున్న ట్యాగ్‌లో (జావా, పైథాన్ లాంటి విషయం పేరు) గోల్డ్ బ్యాడ్జి ఉన్నవాళ్లయితే ఒక్క ఓటుతోనే డూప్లికేట్ (ఇంతకుముందే అడిగిన ప్రశ్న) అని మూసేయొచ్చు. నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• శీర్షిక చూసి తేల్చేయొద్దు, కోడ్ చివరిదాకా చదవండి. జావాలో 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' (నల్, అంటే ఏ ఆబ్జెక్టూ లేని వేరియబుల్‌ను వాడితే వచ్చే ఎర్రర్) అని కనబడగానే పాత ప్రశ్న లింకు పెట్టేస్తుంటారు. అడిగినవాళ్లకు ఆ ఎర్రర్ అంటే ఏమిటో తెలిసే ఉండొచ్చు. కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్‌ను సిద్ధం చేసే కోడ్) ఫీల్డ్ పేరుతోనే లోకల్ వేరియబుల్ మళ్లీ డిక్లేర్ చేయడంతో ఆ ఫీల్డ్ (ఆబ్జెక్ట్‌లోని వేరియబుల్) నల్‌గానే మిగిలిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ఆ సాధారణ జవాబు వాళ్లను ఒడ్డున పడేయదు, ఈ తప్పు గురించిన ప్రశ్న వెతికి దాన్ని జోడించండి.

• పాత జవాబు ఇప్పటికీ పనిచేస్తోందా? పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. బ్రాకెట్లు లేని ప్రింట్ ఉన్న జవాబు పైథాన్ 3లో సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది.

• "ముందు వెతకలేదా?" అని మాత్రం దయచేసి అడగొద్దు. ఏ పదంతో వెతకాలో తెలియకే చాలామంది అడుగుతారు. లింకులో ఏ జవాబు చూడాలో ఒక్క వాక్యంలో చెప్పండి.

• డిలీట్ చేయించే తొందర వద్దు. మరో మాటతో వెతికేవాళ్లను మూసిన ప్రశ్నే అసలు జవాబుకు చేరుస్తుంది.

• పాత ప్రశ్నకూ తమదానికీ తేడా ఏమిటో వివరిస్తూ అడిగినవాళ్లు ప్రశ్నను ఎడిట్ చేస్తే, వెనక్కి వచ్చి చదవండి. నిజమే అనిపిస్తే తిరిగి తెరవడానికి ఓటు వేయండి.