ఊరు తిరిగొచ్చి ద్విపద కట్టడం ఎలా?

చూసొచ్చిన ఊరి మీద ద్విపద, అంటే రెండేసి పాదాల పద్యం, కట్టడానికి జేబులో పట్టే నోటుబుక్కు, పెన్సిలు చాలు. ఫోన్ సంచిలోనే ఉండాలి. ఫొటో ఉంది కదా అని చూడటం మానేస్తారు.

బయల్దేరే ముందురాత్రి కాస్త చదవండి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది ఉన్నారు. వెళ్లబోయే ఊరి చుట్టుపక్కల కవి దొరికితే రెండు పద్యాలు పైకి చదివి పడుకోండి.

రోజుకు ఒక్క ఊరే. అలంపురం, గద్వాల, పిల్లలమర్రి ఒకేరోజు చుట్టేస్తే మిగిలేవి బస్సు టికెట్లే. నల్లగొండ పక్కన పానగల్లుకు పోయినవాళ్లంతా ఛాయా సోమేశ్వరుడి గుడిలో కదలని నీడ మీదే రాస్తారు. ఆ నీడను వదిలేసి పక్కనున్న ఉదయసముద్రం గట్టెక్కండి.

తిండి దగ్గర రుచి రాయకండి, పని రాయండి. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు. అందుకే మరిగిన నీళ్లతో కలిపి, అరచేత్తో కొట్టి రొట్టె చేస్తారు. ఆ చప్పుడు రుచికన్నా ముందే మనదాకా వస్తుంది.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. గణమంటే గురువు (రెండు మాత్రల అక్షరం), లఘువు (ఒక మాత్ర అక్షరం) కలిసిన గుంపు. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త), చివర ఒక సూర్యగణం (న, హ). మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అది యతి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస.

రొట్టెల చప్పుడు రోడ్డుకు వచ్చె
కట్టెల పొయి మంట కానగ రాదు

మొదటి మాట ఎంచుకోవడంలోనే సగం పద్యం తేలిపోతుంది. 'కమ్మని రొట్టెలు' అని మొదలుపెట్టారా, ప్రాస 'మ్మ' అయిపోతుంది. రెండో పాదంలోకి అమ్మ వచ్చి కూర్చుంటుంది, ఇక ఆమెను లేపలేరు. కాబట్టి విశేషణంతో మొదలుపెట్టొద్దు, నోటుబుక్కులోని వస్తువుతో మొదలుపెట్టండి. ఆ ప్రాసకు కుదిరే మాటలు పక్కన రాసుకోండి: కట్టె, గట్టు, చెట్టు, తట్ట, మెట్టు. ఆ రోజు కంటబడనివి కొట్టేయండి. చెట్టు లేనిచోట ప్రాస కోసం చెట్టు నాటితే చదివేవాడు ఇట్టే పట్టేస్తాడు.

రెండో గండం గణాల లెక్క. 'రొ' హ్రస్వమే అయినా వెనక ఒత్తున్న 'ట్టె' ఉంది గనుక గురువు. కొత్తవాళ్లు దాన్ని లఘువుగా లెక్కేసి, ఒక మాత్ర తగ్గిందని 'ఆహా' ఇరికిస్తారు. 'పొయ్యి మంట' అంటే గురువు, లఘువు, గురువు, లఘువు. ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. 'పొయి మంట' అంటే రెండు లఘువులు, గురువు, లఘువు: సలం, సరిపోయింది. గణం కుదరకపోతే మాటనే మార్చండి. 'మేలు', 'చక్కని' వంటి పూరకాలతో అతుకులు వేయొద్దు.

నాలుగు పాదాల కందం రాద్దామనిపిస్తుంది. వద్దు. కంటబడినవి రెండే అయితే కందంలో మిగతా రెండు పాదాలూ గాలే. వచన కవితలో విశేషణాలను ఆపే గేటే లేదు. పాలమూరు వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంవాడు బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రంగనాథ రామాయణాన్ని యుద్ధకాండ దాకా ద్విపదలోనే నడిపాడు. ఒక రోజు ప్రయాణానికి అది చాలదా?

మర్నాడు పైకి చదవండి. యతి చెవికి తగలకపోతే మూడో గణం ఒక్కటే మార్చండి, మిగతాది ముట్టుకోవద్దు. కుదిరాక ఇంకో జంట కట్టొచ్చు, ద్విపదకు ఇన్నే పాదాలన్న లెక్క లేదు. మూడు జంటలు దాటితే మాత్రం కంటితో చూసింది అయిపోయి, పుస్తకాల్లోని చాళుక్యులు దూరతారు. అక్కడ ఆపేయండి.