పాత బండ్ల షో పెడుతున్నారా? ఎక్కడ తేడా వస్తుందో, ఎలా సరిచేసుకోవాలో

ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్‌లోనో మార్కెట్ యార్డులోనో పాత మోటార్‌సైకిళ్ల షో పెట్టి, వచ్చిన డబ్బుతో ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జావా, యెజ్డీ, రాజ్‌దూత్, పాత బుల్లెట్ ఇప్పటికీ చాలా ఇళ్ల వసారాల్లో గోనెపట్టా కప్పుకుని ఉన్నాయి, బయటికి తెస్తే చూడ్డానికి జనం కచ్చితంగా వస్తారు. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు కాబట్టి ఎక్కడ పెట్టినా ఇబ్బందులు మాత్రం దాదాపు ఇవే. నా లెక్కలో వీటిలో చాలావాటి మూలం రెండు చోట్లే ఉంటుంది: బండి ఓనరుకి మన మీద నమ్మకం చాలదు, లేదా ఊరికి మన లెక్కల మీద నమ్మకం చాలదు.

సమస్య: బండ్లు ఉన్నాయని తెలుసు, ఓనర్లు మాత్రం "చూద్దాంలే" అంటున్నారు

కారణం భయం. ఎవడో ఎక్కి కూర్చుని సెల్ఫీ దిగుతాడని, పిల్లలు కిక్ కొడతారని, దారిలో పోలీసులు ఆపి కాగితాలు అడుగుతారని. తాత పేరు మీదే ఉండిపోయిన ఆర్‌సీలు ఎన్నో ఉన్నాయి మరి.

వాట్సాప్‌లో పోస్టర్ పెడితే ఈ భయం పోదు. ఇంటికి వెళ్లండి, ఆ పెద్దాయనతో కూర్చుని బండి గురించి చెప్పనివ్వండి, "బాబాయ్, మీ బండి చుట్టూ తాడు కడతాం, పక్కనే మన కుర్రాడొకడు ఉంటాడు, మీరు చెప్తే తప్ప ఎవరూ ముట్టుకోరు" అని మాటివ్వండి, ఇచ్చిన మాట ప్రకారం ఆ కుర్రాణ్ని నిజంగా అక్కడ నిలబెట్టండి. కాగితాల సంగతి తేలనివాటిని రోడ్డు మీద నడపనివ్వొద్దు. టాటా ఏస్ మాట్లాడి షో ఖర్చుతోనే తెప్పించండి, స్టేషన్‌లో ముందే ఒక లెటర్ ఇచ్చి ఉంచండి. యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకు 2021 నుంచి కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తోంది, నంబరులో వీఏ అని ఉంటుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ బండ్లను రోజూ తిప్పడానికి లేదు, ప్రదర్శనకి, ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలుకి తీసుకెళ్లొచ్చు. ఈ సంగతి చాలామంది ఓనర్లకు తెలియదు, ఆర్‌టీవో ఆఫీసు పని తెలిసినవాళ్లను ఒకరిని షోలో టేబుల్ వేసి కూర్చోబెడితే అదే పెద్ద సాయం.

సమస్య: లైన్లో పెట్టిన బండి పడిపోయింది, లేదా కింద పెట్రోలు కారుతోంది

పడిపోవడానికి కారణం నేల. గ్రౌండ్‌లో మట్టి మెత్తగా ఉంటుంది, పొద్దున నిలబెట్టిన బండి సైడ్ స్టాండ్ మధ్యాహ్నానికి దిగబడి ఒరిగిపోతుంది, పక్క బండిని కూడా పడేస్తుంది. ప్రతి స్టాండ్ కింద చిన్న షాబాద్ బండ ముక్క పెట్టండి. టైల్స్ షాపులో విరిగిన ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. బండికీ బండికీ మధ్య మనిషి ఇటు నుంచి అటు నడిచేంత ఖాళీ వదలండి.

పెట్రోలుకి కారణం ఎండ, పాత రబ్బరు. ట్యాంకు నిండా పోసి ఎండలో నిలబెడితే పెట్రోలు వ్యాకోచించి మూత దగ్గర ఊరుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కదా, పాత కార్బ్యురేటర్‌లోని రబ్బరు ముక్కలు దానికి ఉబ్బి, ఫ్లోట్ (లోపల పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలుడు ముక్క) పట్టేసి పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది. పావు ట్యాంకుకి మించి పోయొద్దని ముందే చెప్పండి, బండి ఆపగానే పెట్రోల్ కాక్ మూసిందీ లేనిదీ ఒకరు వంగి చూడాలి. ఇంజన్ కింద అట్టముక్క వేస్తే చుక్క పడగానే కనిపిస్తుంది, స్కూలు నేల కూడా పాడవదు. ఇసుక బకెట్లు, డ్రై పౌడర్ సిలిండర్లు వరసకి ఒకటైనా ఉండాలి, అవి తప్పనిసరి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుతుందని వాలంటీర్లందరికీ చెప్పి ఉంచండి.

ఇంకొకటి, ఇది ప్రమాదం కూడా. పాత బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. ఇప్పటి బండ్లు నడిపిన కుర్రాడు దాన్ని స్టార్ట్ చేసి కాస్త ముందుకు జరుపుదామనుకుంటే, బ్రేకనుకుని గేరు తొక్కేస్తాడు. జావాలో గేరు రాడ్డే కిక్ రాడ్డు, తెలియనివాళ్లు కిక్ ఎక్కడా అని వెతుకుతూ ఉంటారు. అందుకని బండిని ఓనరే జరపాలి, లేకపోతే ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో ఇద్దరు చెరోవైపు పట్టుకుని తొయ్యాలి.

సమస్య: స్టార్ట్ చేసి చూపించే టైముకి బండి పలకదు

ముందు ప్లగ్ ఊడదీసి చూడండి. ప్లగ్ నల్లగా, నూనెతో తడిగా ఉంటే టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ ఎక్కువ కలిపారన్నమాట, తుడిచి ఆరబెట్టి మళ్లీ కొట్టండి. ప్లగ్ పొడిగా ఉండి స్పార్క్ లేకపోతే కాంటాక్ట్ పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు కలిపి విడదీసే చిన్న లోహపు ముక్కలు) చిలుము పట్టి ఉంటాయి, సన్నటి ఎమరీ పేపరు మధ్యలో పెట్టి లాగితే సరిపోతుంది. పాత జావా అయితే ఆరు వోల్టుల బ్యాటరీ చూడండి, బ్యాటరీ చచ్చిపోతే దానికి స్పార్కే రాదు, ఎంతసేపు కిక్ కొట్టినా కాళ్ల నొప్పులే మిగులుతాయి. పాయింట్లున్న బుల్లెట్‌కి ఆంపియర్ మీటర్ ముల్లు చూస్తూ కిక్‌ని నెమ్మదిగా నొక్కి, ముల్లు మధ్యకి వచ్చాక డీకంప్రెసర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే చిన్న లివర్) పట్టుకుని కిక్‌ని ఇంకాస్త దింపి, లివర్ వదిలేసి, అప్పుడు ఒకే దెబ్బ. ఇదంతా చేతికి అలవాటైన పాత మెకానిక్ ఊళ్లో ఒకాయనైనా ఉంటాడు. ఆయన్ని పిలిచి కుర్చీ వేసి మర్యాదగా కూర్చోబెట్టండి, ఆ రోజు షోలో ముఖ్యమైన మనిషి ఆయనే.

స్టార్ట్ చేయడం కూడా వరసలవారీగా, ఒక వరసకి ఐదు నిమిషాలు. అన్నీ ఒకేసారి పెడితే టూ స్ట్రోక్ పొగకి ముందు పిల్లలు దగ్గుతారు, తర్వాత చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవకి వస్తారు.

సమస్య: జనం పది నిమిషాల్లో ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతున్నారు

చదవడానికి ఏమీ లేకపోతే అంతే. ప్రతి బండి ముందు పెద్ద అక్షరాలతో ఒక అట్ట పెట్టండి: ఏ సంవత్సరం, ఎక్కడ తయారైంది, ఎవరిది, దాని మీద ఎవరు ఎక్కడికి తిరిగారు. మైసూరులో ఐడియల్ జావా 1960ల మొదట్లో జావాలు చేయడం మొదలుపెట్టింది, తర్వాత అవే యెజ్డీ పేరుతో వచ్చాయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. బుల్లెట్ 1955లో మద్రాసులో మొదలైంది, సైన్యానికి కావాల్సిన 800 బండ్ల ఆర్డరుతో. ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ 175 పోలండ్ బండి డిజైన్. యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో. ఇవి చదివితే నాన్నలు ఆగుతారు, పిల్లలకి చెప్పడం మొదలుపెడతారు. "ఈ బండి మీదే మా ఊరి డాక్టరుగారు పల్లెలు తిరిగేవారు" లాంటి మాట అట్ట మీద ఉంటే అక్కణ్నుంచి కదలరు.

సమస్య: ప్రైజుల దగ్గర గొడవ

తళతళలాడే క్రోమ్‌తో కొత్తగా రంగు వేసిన యెజ్డీకి ఫస్ట్ ఇచ్చారు, రంగు వెలిసినా ఒక్క నట్టు మారని జావా తెచ్చిన పెద్దాయన అలిగి వెళ్లిపోయాడు. రెంటినీ ఒకే వరసలో పెట్టి పోల్చడమే తప్పు. "ఒరిజినల్‌గా ఉన్నవి", "తిరిగి బాగుచేసినవి" అని రెండు విభాగాలు పెట్టండి, జడ్జీలను పక్క ఊళ్ల నుంచి పిలవండి, ఏది చూసి మార్కులు వేస్తారో ఎంట్రీ ఫారంలోనే రాయండి. నా మట్టుకు నాకు వెలిసిన రంగే ఎక్కువ విలువైనది, ఆ రంగు మళ్లీ వేయలేం.

సమస్య: ముఖ్య అతిథి కోసం ఎండలో రెండు గంటలు ఎదురుచూపు

ప్రారంభం ఊళ్లో అందరికంటే పెద్ద వయసు రైడరు చేతుల మీదుగా, చెప్పిన టైముకి జరిపేయండి. నాయకులను బహుమతుల టైముకి పిలవండి. గ్రౌండ్ లోపల ఏ పార్టీ జెండా, ఫ్లెక్సీ వద్దని అన్ని పార్టీలవాళ్లకూ ఒకే రోజు చెప్పండి.

సమస్య: గ్రూపులో అందరూ "ఓకే అన్నా" అన్నారు, పొద్దున్నే వచ్చింది నలుగురు

అందరికీ చెప్పిన పని ఎవరూ చేయరు. ఒక్కో పనికి ఒక్క పేరు రాయండి, ఫోన్ చేసి ఆ మనిషి నోటితోనే ఒప్పించుకోండి, రెండేసి గంటల డ్యూటీలు వేయండి. భోజనం ముందు వాలంటీర్లకి పెట్టండి.

సమస్య: జనం వచ్చారు, డబ్బు మిగల్లేదు

షామియానా, మైకు, ఫ్లెక్సీలు తినేసి ఉంటాయి. కొన్నిచోట్ల తిండి బళ్లన్నీ సిటీ నుంచి వచ్చి లాభం తీసుకుని వెళ్లిపోతాయి. స్టాళ్లు ముందు ఊరివాళ్లకే ఇవ్వండి, డ్వాక్రా మహిళలు పెట్టే గారెలు, పులిహోర దగ్గరే ఎక్కువ క్యూ ఉంటుంది. బండి తెచ్చేవాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకోవద్దు, చూసేవాళ్లకి చిన్న టికెట్, ఒక్కో ప్రైజుకి ఒక్కో షాపు స్పాన్సర్ చాలు. టికెట్ చివరన ఒక ఓటు ముక్క పెట్టి, నచ్చిన బండి ముందున్న డబ్బాలో వేయించండి, ఇంకా వేయాలనిపించినవాళ్లు పక్కనే హుండీలో డబ్బు వేస్తారు. ఓటుకి డబ్బుకి ముడిపెట్టొద్దు, పెడితే డబ్బున్న ఓనరే గెలుస్తాడు.

అమెరికాలో ఇలాంటి షోల్లో బండిని లక్కీ డ్రాకి పెట్టి టికెట్లు అమ్మి నిధులు పోగుచేస్తారు. అది చూసి ఇక్కడ చేయొద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం మన దగ్గర నేరం, మంచి పని కోసమని చెప్పినా కేసు కేసే.

సమస్య: షో బాగా జరిగింది, వారానికి "డబ్బులెక్కడికి పోయాయి" అని మాట మొదలైంది

అన్నిటికంటే చేటు చేసేది ఇదే. ఎవరూ తినకపోయినా ఈ మాట పుడుతుంది, ఒకసారి పుట్టాక మరుసటి ఏడు చందా ఇచ్చేవాడు ఉండడు, తిట్లు పడ్డ కుర్రాళ్లు మళ్లీ ముందుకి రారు.

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకి డబ్బులు రావడం, "ఊరి అభివృద్ధికి" అని గాలిలో చెప్పడం. అభివృద్ధి అంటే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు, ఒకరు గుడి అనుకుంటే ఇంకొకరు రోడ్డు అనుకుంటారు.

షోకి ముందే ఒక్క పని ఎంచుకోండి, కంటికి కనపడేది, మీ చేతిలో పూర్తయ్యేది. హైస్కూల్ ఆడపిల్లల మరుగుదొడ్లకి తలుపులు, నీళ్ల కనెక్షన్ అనుకుందాం. హెడ్‌మాస్టరుతో మాట్లాడి, వడ్రంగి దగ్గర, ప్లంబర్ దగ్గర రేటు రాయించుకుని, ఆ కాగితాన్ని పోస్టర్ పక్కనే అంటించండి. ఇద్దరు సంతకం పెడితే తప్ప డబ్బు తీయలేని అకౌంటు తెరవండి, క్యూఆర్ కోడ్ దానిదే పెట్టండి. నంబర్లున్న రసీదు పుస్తకాలు ఎవరికి ఎన్ని ఇచ్చారో రాసి, షో సాయంత్రం గ్రౌండ్‌లోనే వెనక్కి తీసుకోండి. హుండీలు మైకులో పిలిచి అందరి ముందు విప్పి లెక్కపెట్టండి, ఒక టీచరు, ఒక డ్వాక్రా లీడరు, ఒక బండి ఓనరు దగ్గర కూర్చోవాలి.

వారం లోపు జమా ఖర్చులు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పెట్టండి. టీ ఖర్చు కూడా రాయండి, నష్టం వస్తే నష్టమనే రాయండి. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకుండా నేరుగా వడ్రంగికి, ప్లంబర్‌కి చెక్ ఇచ్చి బిల్లు తీసుకోండి. తలుపులు బిగించాక ఫొటో తీసి, బిల్లుతో సహా బండి తెచ్చిన ప్రతి ఓనరుకీ పంపండి, ఫోన్ వాడని పెద్దాయన అయితే ఇంటికెళ్లి చూపించి రండి.