మందును విరిచే ఎంజైము ఏ తరగతిదో ప్లేటు మీద గుర్తించే విధానం

గుంటూరులో పీజీ విద్యార్థులకు ఈ పరీక్షలు నేర్పేటప్పుడు, ఎంజైము మందును ఎలా విరుస్తుందో వారిచేత బొమ్మ గీయించిన తరువాతే డిస్కులు (మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు) చేతికి ఇస్తాను. ఆ బొమ్మ మనసులో లేనివారికి జోను (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని మేర) కొలత ఉత్త అంకెగానే మిగిలిపోతుంది.

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్, మెరోపెనెమ్ మూడింటిలోనూ నాలుగు పరమాణువుల బీటా లాక్టమ్ వలయం ఉంటుంది. కణకవచాన్ని అల్లే ప్రోటీన్లలోని సెరీన్‌కు ఈ వలయం తెరుచుకొని అతుక్కుపోవడం వల్లనే బ్యాక్టీరియా చనిపోతుంది. ఈ వలయాన్ని విరిచే ఎంజైమే బీటా లాక్టమేజ్. ఎ తరగతి బీటా లాక్టమేజ్ కూడా 70వ స్థానంలోని సెరీన్‌తోనే మందును పట్టుకుంటుంది గాని, 166వ స్థానంలోని గ్లుటామేట్ పురికొల్పిన నీటి అణువు ఆ బంధాన్ని తెంపేస్తుంది; విరిగిన మందు బయటపడుతుంది, ఎంజైము మరో అణువు మీదికి వెళుతుంది. బి తరగతికి చెందిన ఎన్‌డీఎం వంటి ఎంజైములలో ఈ పనికి సెరీన్ ఉండదు, జింకు అయాన్లే నీటిని సిద్ధం చేస్తాయి. కింది పరీక్షలన్నీ ఈ తేడా మీదనే ఆధారపడ్డాయి.

ముందుగా ఈఎస్‌బీఎల్ (సెఫోటాక్సిమ్ వంటి సెఫలోస్పోరిన్లను కూడా విరిచే బీటా లాక్టమేజ్) పరీక్ష. 0.5 మెక్‌ఫార్లాండ్ (ప్రామాణిక మసక కొలత) చిక్కదనం గల బ్యాక్టీరియా ద్రావణాన్ని ముల్లర్ హింటన్ అగర్ అనే పోషక ప్లేటు మీద పరచి, 30 మైక్రోగ్రాముల సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ డిస్కులను, వాటికి జతగా 10 మైక్రోగ్రాముల క్లావులనేట్ (ఎ తరగతి సెరీన్ ఎంజైమును ఆపే పదార్థం) కలిసిన డిస్కులను ఉంచి, 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచాలి. ఏ ఒక్క జతలోనైనా క్లావులనేట్ ఉన్న వైపు జోను 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగితే ఫలితం పాజిటివ్. అయితే సి తరగతి ఆంప్‌సీ ఎంజైమును క్లావులనేట్ ఆపలేదు కనుక, అది కూడా ఉన్న చోట ఈ తేడా కనిపించకపోవచ్చు.

బెజవాడ, గుంటూరు ఎండల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఫ్రీజర్ నుంచి తీసిన డిస్కుల డబ్బాను గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా తెరవకూడదు. తెరిస్తే గాలిలోని తేమ డిస్కులకు పడుతుంది, క్లావులనేట్ ఆ తేమకు త్వరగా చెడిపోతుంది. అప్పుడు నిజమైన ఈఎస్‌బీఎల్ కూడా నెగటివ్‌గా కనిపిస్తుంది. అందుకే ఈఎస్‌బీఎల్ ఉందని ముందే తెలిసిన క్లెబ్సియెల్లా ఏటీసీసీ 700603 కంట్రోలు లేకుండా ఫలితం చదవనివ్వను.

కార్బపెనెమ్ (మెరోపెనెమ్ వర్గపు మందు) పనిచేయని ఎంటెరోబాక్టీరియాకు (ఇ. కోలై, క్లెబ్సియెల్లా వంటివాటికి) ఎంసీఐఎం, అంటే మెరోపెనెమ్‌ను విరిచే ఎంజైము ఉందో లేదో చూసే పరీక్ష చేయాలి. 2 మిల్లీలీటర్ల ట్రిప్టిక్ సోయా బ్రాత్‌లో 1 మైక్రోలీటరు లూపు నిండా కల్చరు కలిపి, 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్కును అందులో 4 గంటలు నాననిచ్చి, ఆ డిస్కును మందుకు లొంగే ఇ. కోలై ఏటీసీసీ 25922 పరచిన ప్లేటు మీద పెట్టాలి. ఎంజైము మందును తినేసి ఉంటే జోను 6 నుంచి 15 మిల్లీమీటర్లకు మించదు. పక్కనే మరో గొట్టంలో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు కలిపి ఇదే పని చేస్తే, ఈడీటీఏ జింకును లాగేసుకుంటుంది. అక్కడ జోను 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగితే ఎంజైము బి తరగతిది (దీన్నే మెటాలో ఎంజైము అంటారు).

ఒకే క్రిమిలో ఎన్‌డీఎం, ఆక్సా-48 అనే రెండు కార్బపెనెమేజ్‌లూ (కార్బపెనెమ్‌ను విరిచే ఎంజైములూ) ఉన్నప్పుడు ఈడీటీఏ మొదటిదాన్ని ఆపినా, సెరీన్‌తో పనిచేసే రెండవది మందును విరుస్తూనే ఉంటుంది కనుక జోను పెరగదు. అందువల్ల అలాంటి ఫలితానికి రిపోర్టులో ‘మెటాలో ఎంజైము లేదు’ అని రాయకుండా, ‘కార్బపెనెమేజ్ ఉంది, రకం తేలలేదు’ అని రాసి, జన్యు పరీక్షకు పంపాలి. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే జంట మందు ఒక్కటే ఇవ్వాలా, దానికి అజ్ట్రియోనామ్ అనే మరో మందు జోడించాలా అన్నది వార్డులోని వైద్యుడు ఆ ఒక్క వాక్యాన్ని చూసే నిర్ణయించవలసి రావచ్చు.