రక్తం తీసేముందు పేరు మీరు చెప్పకండి

హైదరాబాద్‌లో ఏ ల్యాబ్‌కు వెళ్లినా పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకటే రద్దీ. అందరూ పరగడుపున వచ్చినవాళ్లే, అందరికీ తొందరే. శాంపిల్ కలెక్షన్‌లో కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పేది నేనే. సూది గుచ్చడం వాళ్లకు త్వరగానే పట్టుబడుతుంది. ఎవరి రక్తం తీస్తున్నామో తేల్చుకోవడం గురించే పదే పదే చెప్పాల్సి వస్తుంది.

"లక్ష్మి గారేనా అండీ?" అని ఎప్పుడూ అడగొద్దు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు, చెవి సరిగా వినపడని పెద్దవాళ్లు దేనికైనా "ఆ" అనేస్తారు. "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అని అడిగి, వాళ్లు చెప్పింది ఫారంతో సరిచూడండి. ఉర్దూ మాట్లాడేవాళ్లనైతే "ఆప్ కా పూరా నామ్ బతాయియే" అంటే చాలు.

పేరొక్కటే సరిపోదు. కనీసం రెండు గుర్తులు చూడాలని, రూము నంబరును గుర్తుగా తీసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. రెండో గుర్తుగా పుట్టిన తేదీ అడగమంటారు కానీ, మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. ఫోన్ నంబరూ నమ్మకం కాదు, అత్తకూ కోడలికీ కూడా అబ్బాయి నంబరే ఇస్తారు. అందుకే రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన యూహెచ్ఐడీ (ఒక్కో పేషెంట్‌కు విడిగా ఇచ్చే నంబరు) చూడండి, తోడుగా వయసు, తండ్రి లేదా భర్త పేరు అడగండి. వార్డులో చేతి బ్యాండే ఆధారం, మంచానికి తగిలించిన కేస్ షీట్ కాదు. రాత్రికి రాత్రి బెడ్లు మారుస్తుంటారు. స్పృహలో లేనివాళ్లకు, చిన్నపిల్లలకు బ్యాండుతో పాటు పక్కనున్న అటెండెంటును పేరు అడగండి.

నేను చూసినంతలో ఎక్కువ తప్పులు లేబుల్ దగ్గరే జరుగుతాయి. టైమ్ కలిసొస్తుందని ఖాళీ ట్యూబులకు ముందే లేబుళ్లు అంటించి వరసగా పెట్టుకుంటారు. పిలిచినవాళ్లు బాత్రూంకి వెళ్తారు, వెనకవాళ్లు వచ్చి కుర్చీలో కూర్చుంటారు, రక్తం పక్కవాళ్ల ట్యూబులోకి వెళ్లిపోతుంది. రక్తం తీశాకే, పేషెంట్ కుర్చీలోంచి లేవకముందే లేబుల్ అంటించాలి. తర్వాత ట్యూబు చూపించి చదవమనండి. చదవలేనివాళ్లైతే పేరు ఇంకోసారి అడిగి లేబుల్‌తో సరిచూసుకోండి. అంతవరకూ తర్వాతివాళ్ల ట్యూబులు, ఫారం టేబుల్ మీదికి రాకూడదు. షుగర్ టెస్టుకు ఫాస్టింగ్, పోస్ట్ లంచ్ రెండూ గ్రే క్యాప్ ట్యూబులే కాబట్టి, తీసిన టైమ్ కూడా రాయాలి.

బస్తీ దవాఖానాలో తీసిన శాంపిల్ తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్ ల్యాబ్‌కు వెళ్తుంది. అక్కడ ట్యూబు అందుకునేవాళ్లకు పేషెంట్ కనపడరు, మీరు అంటించిన లేబులొక్కటే దిక్కు. హోమ్ కలెక్షన్‌లోనూ అంతే జాగ్రత్త కావాలి. కూకట్‌పల్లిలో ఏ ఫ్లాట్‌కు వెళ్లినా భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి టెస్టులుంటాయి. ఒకరి పని పూర్తిచేసి, ట్యూబులు సంచిలో పెట్టాకే రెండోవారి చెయ్యి పట్టుకోండి.

బ్లడ్ గ్రూప్, క్రాస్‌మ్యాచ్ (ఎక్కించబోయే రక్తం పేషెంట్‌కు సరిపడుతుందా అని చూసే టెస్టు) శాంపిళ్ల విషయంలో నేను ఎవరి మాటా వినను. గ్రూపు తప్పిన రక్తం ఎక్కితే ప్రాణం పోవచ్చు. లేబుల్ మీద పేరు తేడాగా ఉంటే "కొట్టేసి మార్చుకోండి" అని వార్డు నుంచి ఫోన్ వస్తుంది. మార్చొద్దు, మళ్లీ తీయమనండి. పాత గ్రూప్ రికార్డు లేనివాళ్లకు వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్‌తో సరిచూసుకోవడం మంచిది. వెన్నునీరు, బయాప్సీ లాంటివి మళ్లీ తీయడం కష్టం కాబట్టి, వాటి లేబుల్ తేడాగా ఉంటే తీసినవారే స్వయంగా వచ్చి గుర్తించి, సంతకం చేయాలి. ఆ సంగతి రిపోర్టులోనూ రాయాలి.

రిపోర్టు వదిలేముందు పాత రిపోర్టు పక్కన పెట్టుకోండి. ఎమ్‌సీవీ, అంటే ఎర్ర రక్తకణాల సగటు సైజు, రెండు రోజుల్లో పెద్దగా మారదు. మొన్న 72 ఉన్నది ఇవాళ 94 వచ్చిందంటే, మధ్యలో రక్తం ఎక్కించారా అని కనుక్కోండి. లేదంటే రిపోర్టు ఆపి, కొత్త శాంపిల్ తెప్పించండి. పని అక్కడితో ఆపకండి. ఒకరి ట్యూబు మారిందంటే వాళ్ల రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్లి ఉండొచ్చు. ఆ గంటలో తీసిన ట్యూబులన్నీ బయటికి తీసి చూడండి, తప్పు రిపోర్టు అందుకున్నవాళ్లకూ, వాళ్ల డాక్టరుకూ అప్పటికప్పుడే ఫోన్ చేయండి.