ఇంటి కంప్యూటరు, మన చేతి వైద్యం – 3వ పాఠం: డయలప్ ఎక్కడ ఆగిపోయింది?

పోయిన పాఠంలో ఫోన్ లైన్ మీదుగా ఇంటర్నెట్ తెచ్చే డయలప్ కోసం మోడెం అనే పరికరం బిగించి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరు ఎక్కించి, కనెక్షన్ తయారుచేసుకున్నాం. ఇక డయల్ నొక్కడమే కదా అని నొక్కితే 678 అనో 680 అనో ఏదో నంబరుతో ఒక పెట్టె తెరమీదికొచ్చి కూర్చుంటుంది. అది చూడగానే టెన్షన్ పడి, కనిపించిన సెట్టింగల్లా మార్చేస్తాం. నేనూ అదే చేశాను. ఒక రాత్రంతా కూర్చుని విండోస్ మొత్తం చెరిపి మళ్లీ వేశాక, తెల్లారి చూస్తే ఫోన్ తీగ మోడెం వెనక ఒక రంధ్రం పక్కకి గుచ్చి ఉంది, అంతే! అందుకే ఈ పాఠంలో రిపేరు కన్నా ముందు, పని ఏ మెట్టు దగ్గర ఆగిందో చెవితో పట్టుకోవడం నేర్చుకుందాం.

మోడెం చేసే పని వరసగా ఉంటుంది. లైన్ ఎత్తుతుంది, డయల్ టోన్ ఉందా అని వింటుంది, నంబరు కొడుతుంది, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ దగ్గరున్న అవతలి మోడెం ఎత్తాక రెండూ కీచుకీచుమంటూ వేగం తేల్చుకుంటాయి, ఆ తర్వాత ఆ కంపెనీవాళ్లు మన పేరూ పాస్‌వర్డూ చూస్తారు, చివరికి మన కంప్యూటరుకి ఒక ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో అంకెల చిరునామా, వస్తుంది. ఒక మెట్టు దాటితేనే రెండోది. అంటే కీచుమనే శబ్దం వినిపించిందంటే తీగ సరైన రంధ్రంలోనే ఉన్నట్టు, డయల్ టోన్, నంబరు బాగున్నట్టే, వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

అందుకని ముందు మోడెం గొంతు విప్పండి. విండోస్ ఎక్స్‌పీ కంట్రోల్ ప్యానెల్‌లో ఫోన్ అండ్ మోడెం ఆప్షన్స్ తెరిచి, మీ మోడెం ప్రాపర్టీస్‌లోకి వెళ్తే స్పీకర్ వాల్యూమ్ ఉంటుంది, దాన్ని పెంచండి. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేస్తారని దాన్ని మూసేసినవాళ్లు చాలామందే ఉంటారు, ఈ ఒక్కరోజుకి ఓర్చుకోమనండి. అక్కడే డయాగ్నోస్టిక్స్‌లో క్వెరీ మోడెం అని బటన్ ఉంది. అది నొక్కితే కింద జవాబులు వరసగా వచ్చాయంటే కంప్యూటరుకీ మోడెంకీ మాటలు సాగుతున్నట్టే. 633 వస్తే మాత్రం మోడెంని ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉందేమో చూడాలి, ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్‌కి ఈ అలవాటు బాగా ఉంది.

ఇప్పుడు డయల్ కొట్టి వినండి. ఏమీ వినిపించకుండా 680 వచ్చిందంటే డయల్ టోన్ దొరకలేదన్నమాట. మోడెంకి పెట్టిన తీగనే తీసి మామూలు ఫోన్‌కి గుచ్చి చూడండి. ఫోన్‌లోనూ టోన్ లేకపోతే తప్పు లైన్‌ది, లేదా ఇంకో గదిలో ఫోన్ సరిగ్గా పెట్టలేదు. ఫోన్‌లో టోన్ ఉంటే మోడెం వెనక లైన్ అని రాసిన రంధ్రంలోనే తీగ ఉందా, ఫోన్ అని రాసినదాంట్లో ఉందా చూడండి. అదీ సరిగ్గానే ఉండి, మొన్ననే ఉరుములూ మెరుపులూ వచ్చి ఉంటే మోడెం పోయే ఉండొచ్చు. అయితే దాన్ని పారేసే ముందు ఒకమాట. వాయిస్ మెయిల్‌లో వినని సందేశం ఉంటే కొన్ని లైన్లలో డయల్ టోన్ ఆగి ఆగి వస్తుంది, మన చెవికి అది టోనే గానీ మోడెం గుర్తుపట్టకపోవచ్చు. దీనికి మందు, ఆ ప్రాపర్టీస్‌లోనే డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసెయ్యడం. మోడెంకి నేరుగా ఇచ్చే ఏటీఎక్స్3 అనే కమాండు చేసేదీ ఇదే. బయటి లైన్ కోసం ముందు ఒక అంకె కొట్టాల్సిన చోటైతే ఆ అంకె తర్వాత ఒక కామా పెట్టండి, మోడెం మామూలుగా రెండు సెకన్లు ఆగుతుంది.

నంబరు కొట్టాక 676 వస్తే అవతల ఎంగేజ్, కాసేపాగి మళ్లీ కొట్టడమే. 678 అంటే అవతల జవాబు లేదు. ఆ నంబరుకి మామూలు ఫోన్ నుంచి చేసి వినండి, ఈల వినిపిస్తే అవతలివైపు బాగానే ఉంది. ఎవరో మనిషి హలో అంటే మాత్రం సారీ చెప్పి పెట్టేసి, ఇన్నాళ్లూ వాళ్ల చెవిలో కీచుమనిపించింది మీ కంప్యూటరేనని గ్రహించి నంబరు సరిచూసుకోండి.

అసలు తంటా కీచు దగ్గర. ఫోన్ లైన్ చేసింది మనిషి గొంతు కోసం, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. ఆ సందులోంచే మోడెం అంతా తోయాలి. 1998లో వచ్చిన వి.90 పద్ధతిలో దిగుమతికి సెకనుకి 56 కిలోబిట్లు పైహద్దు, ఎగుమతికి 33.6. లైన్‌లో గరగర ఉంటే రెండు మోడెంలూ బేరమాడుకుంటూ కిందికి దిగుతాయి. కీచు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగి తెగిపోతోందంటే నేను ముందు లైన్‌నే అనుమానిస్తాను. ఫోన్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి, డయల్ టోన్ ఆగిపోతుంది, ఆ నిశ్శబ్దంలో వినండి. చిటపటలు గానీ గుయ్‌మని గానీ వినిపిస్తే మిగతా ఫోన్లన్నీ పీకేసి, మధ్యలో ఉన్న అతుకులూ పొడుగు తీగలూ తీసేసి, లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కే కంప్యూటరు పెట్టి చూడండి. అప్పుడు బాగుంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పట్టుకోవచ్చు. అప్పుడూ గరగరే ఉంటే ఫోన్ వాళ్లకి ఫిర్యాదు చెయ్యండి, కానీ ఇంటర్నెట్ రావట్లేదనకండి, మాట్లాడుతుంటే గరగర వస్తోందనండి, పని త్వరగా అవుతుంది.

కనెక్ట్ అయ్యాక 1,15,200 అని చూపిస్తే మురిసిపోకండి, అది కంప్యూటరుకీ మోడెంకీ మధ్య వేగం, లైన్‌ది కాదు.

691 వస్తే సంతోషించండి, పాస్‌వర్డ్ దాకా వచ్చారు. క్యాప్స్ లాక్ చూడండి, యూజర్ పేరు వెనక ఎట్ గుర్తు పెట్టి సర్వీసు పేరు కూడా రాయాలేమో చూడండి. ఇంతకుముందే మధ్యలో తెగి ఉంటే ఇంటర్నెట్ కంపెనీ దగ్గర మీ పాత సెషన్ ఇంకా మూసుకుని ఉండకపోవచ్చు, అందువల్ల కూడా ఇదే నంబరు రావచ్చు, ఓ పది నిమిషాలాగండి. 720 అయితే టీసీపీ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, దాని సెట్టింగుల తప్పు, దాని సంగతి ఐదో పాఠంలో.

ఇంటిపని: కనెక్షన్ సరిగ్గా కుదిరిన రోజున గడియారం పక్కన పెట్టుకుని, డయల్ టోన్ నుంచి పాస్‌వర్డ్ దాకా ఏ శబ్దం ఎన్ని సెకన్లు పట్టిందో ఒక కాగితం మీద రాసి మానిటరు పక్కన అంటించండి. వచ్చే పాఠం మధ్యలో తెగిపోయే కనెక్షన్ల మీద, అందులో ఆ కాగితంతో పని పడుతుంది.