ఘెంట్ పాత రేవు: ఏ ఒడ్డున, ఏ వేళకు నిలబడాలి

హైదరాబాద్ నుంచి బెల్జియం వెళ్లే మనవాళ్లు చాలామంది ఘెంట్‌కు రెండు గంటలే కేటాయిస్తారు. వంతెన మీద ఫొటో దిగి తిరుగు రైలెక్కుతారు. ఈ రేవును అలా చూస్తే నష్టం మీదే. కనీసం ఒక పూట ఉంచుకోండి.

బ్రస్సెల్స్ నుంచి ఘెంట్ సింట్-పీటర్స్ స్టేషన్‌కు రైల్లో అరగంట పైచిలుకు. అక్కడి నుంచి పాత ఊరు 2 కిలోమీటర్ల పైనే ఉంటుంది, పాత ఊరి నడిబొడ్డు కూడలి కోరెన్‌మార్క్ట్ వైపు ట్రామ్ పట్టుకోండి. చక్రాల సూట్‌కేసు మాత్రం వెంట తేవద్దు. రేవంతా రాళ్లు పరిచిన దారి, చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి. వాన పడితే నున్నటి చెప్పులు జారతాయి.

లెయె నదికి తూర్పు ఒడ్డు గ్రాస్‌లెయ్, పడమటి ఒడ్డు కోరెన్‌లెయ్. అసలు అందమంతా గ్రాస్‌లెయ్‌దే. దాన్ని చూడాల్సింది మాత్రం ఎదుటి ఒడ్డు నుంచి. ఆ ఇళ్లు పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాకే ఎండ పడుతుంది, పొద్దున తీసిన ఫొటోలో నల్లగా వస్తాయి. సెయింట్ మైకేల్ వంతెన మీంచి వరసగా కనిపించే మూడు గోపురాలకూ ఇదే లెక్క. జూన్‌లో రాత్రి పదిదాకా వెలుతురుంటుంది. డిసెంబరులో ఐదు లోపే చీకటి, అప్పుడు మధ్యాహ్న భోజనం కాగానే బయల్దేరండి.

తర్వాత వంతెన దిగి గ్రాస్‌లెయ్ వెంట ఒక్కో ఇల్లూ చూస్తూ నడవండి. ఇక్కడి తాపీమేస్త్రీల సంఘ భవనం 1913 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన నకలు. అసలుది సెయింట్ నికొలస్ చర్చి ఎదుట ఉంది, 1976లో బయటపడింది. బూడిదరంగు రాతి గోడ, మెట్లమెట్లుగా ఎక్కే శిఖరం కనిపిస్తే ఆగండి. అది స్పైకర్, క్రీ.శ. 1200 నాటి ధాన్యపు గిడ్డంగి. ఈ నదిలో వెళ్లే ధాన్యంలో కొంత భాగం ఘెంట్‌లో దించి తీరాలన్నది ఆనాటి నిబంధన. ఈ ఊరి సంపదకు అదో పెద్ద మూలం. గిడ్డంగిని ఆనుకుని ఇరుక్కున్నట్టుండే బుల్లి ఇల్లు 1682 నాటి సుంకం వసూలు గది. అదే వరసలో 1531 నాటి స్వేచ్ఛా పడవవాళ్ల సంఘ భవనం. తలుపు పైన చెక్కిన ఓడ చూడకుండా కదలొద్దు. ఊళ్లోకి సరుకు తెచ్చే హక్కు వాళ్లదే. ఆ హక్కు లేని పడవవాళ్లు 1739లో ఎదుటి ఒడ్డున తమ భవనం కట్టి, కొప్పు మీద బంగారు ఓడ నిలిపారు. రెండు ఓడలనూ పోల్చి చూడండి, ఆ పోటీ అర్థమవుతుంది.

పడవ షికారు సుమారు ముప్పావుగంట. నడక అయ్యాకే ఎక్కండి, ఇళ్లు గుర్తుపట్టగలుగుతారు. నీటి అంచున రెయిలింగ్ లేదు, పిల్లల చెయ్యి వదలకండి.

శాకాహారులకు ఒక జాగ్రత్త: బెల్జియంలో బంగాళదుంప వేపుళ్లను చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కొనేముందు ఏ నూనెలో వేయిస్తున్నారో అడగండి.