కర్రీ పాయింట్‌కి క్యారేజీ పట్టుకెళ్ళండి: రూముల్లో ఉండే స్టూడెంట్స్ చెత్త తగ్గించుకునే పద్ధతి

భీమవరమో, అమలాపురమో, కాకినాడో, ఎక్కడైనా రూమ్ తీసుకుని చదువుకుంటున్నవాళ్ళు ఈసారి చెత్త పడేసే ముందు ఆ కవరు విప్పి ఏముందో చూడండి. ఎక్కువగా కనిపించేవి కర్రీ పాయింట్ కవర్లే: పప్పుకొకటి, వేపుడుకొకటి, సాంబారుకొకటి, పెరుగుకొకటి, అన్నీ కలిపి పెట్టిచ్చిన పెద్దదొకటి. అందుకే మొదలుపెట్టాల్సింది అక్కడే.

ఇంట్లో అటక మీద పడున్న స్టీలు క్యారేజీ తెచ్చుకోండి, మూడు గిన్నెలది చాలు. సాంబారు ఎప్పుడూ అడుగు గిన్నెలో పోయించుకోండి, ఒలికినా మిగతా కూరల మీద పడదు. అసలు కిటుకంతా టైములో ఉంది. రద్దీ మొదలయ్యేసరికి చాలాచోట్ల కూరలు ముందే కవర్లలో కట్టి పెట్టేస్తారు, అప్పుడు మీరు గిన్నె చాపితే ఆ కవరే విప్పి గిన్నెలో వంచి పక్కన పడేస్తారు, ఇంక ఏం మిగిలింది? కాస్త ముందే వెళ్ళి, ఆయన చెయ్యి కవరు మీదకి పోకముందే "కవరొద్దండి, ఇందులో వేసేయండి" అనండి. రోజూ వెళ్ళే షాపైతే కొన్నాళ్ళకి వాళ్ళే గిన్నె అందుకుంటారు. పొగలు కక్కే పులుసు పల్చటి ప్లాస్టిక్‌లో పోయించుకోవడం ఒంటికీ మంచిది కాదు. తినగానే గిన్నెలు కడిగేయండి, రాత్రంతా వదిలేస్తే చేపల పులుసు వాసన ఓ పట్టాన పోదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర రోడ్డు పక్కన పడేసిన కవరు గాలికో వానకో కాలవలోకే పోతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలవ నీళ్ళనే చెరువులకి పెట్టుకుని దిగువ ఊళ్ళవాళ్ళు తాగుతారు. వేసవిలో కాలవకి నీళ్ళు ఆపేశాక వంతెన మీద నిలబడి చూడండి, బురదలో సగం కూరుకుపోయిన కవర్లు, బాటిళ్ళు, గుట్కా ప్యాకెట్లు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

టీ గాజు గ్లాసులో అడగండి. పేపర్ కప్పు లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. నీళ్ళ బాటిల్ ఎలాగూ బ్యాగులో ఉండాలి.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, అయినా ఫేర్‌వెల్ భోజనాల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రావులపాలెం అరటి మార్కెట్ ఇంత దగ్గర పెట్టుకుని మనకా ఖర్మ దేనికి? ముందురోజు చెప్పి ఉంచితే అరిటాకులు దొరుకుతాయి, తిన్నాక గేదెలకి వేసేయొచ్చు.

పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి జిరాక్స్ షాపులో స్పైరల్ చేయిస్తే రఫ్ బుక్ అయిపోతుంది. జిరాక్స్ తీయించేటప్పుడు రెండువైపులా అని ముందే చెప్పండి.

ఇక రూమ్ ఖాళీ చేసే రోజుల సంగతి. బకెట్లు, చాపలు, ఏప్రాన్లు, ఫస్టియర్ తర్వాత మళ్ళీ ముట్టుకోని ఇంజనీరింగ్ డ్రాయింగ్ డ్రాఫ్టర్, అన్నీ ఆఖరి రోజు హడావుడిలో చెత్తకుప్పకి చేరతాయి. జూనియర్ల వాట్సాప్ గ్రూపులో వాటి ఫొటోలు పెట్టండి, బస్సెక్కే ముందురోజు కాదు, పరీక్షలు అవ్వకముందే.